పాత కారు పొగకు కారణం పట్టే పరికరాలు: ఏది ఎంతవరకు నిజం చెబుతుంది

పాత కారు నీలం పొగ కక్కడం మొదలుపెడితే చాలామంది నోట వచ్చే మొదటి మాట 'బోరు అయిపోయింది, ఇంజన్ దించాల్సిందే'. అంటే సిలిండర్ లోపలి గోడ అరిగిపోయిందని. నిజం కావచ్చు. కానీ అదే పొగ గట్టిపడిపోయిన వాల్వ్ సీల్స్ (వాల్వ్ కాడ వెంబడి ఆయిల్ దిగకుండా ఆపే రబ్బర్లు) వల్ల రావచ్చు, మూసుకుపోయిన పీసీవీ వాల్వ్ (ఇంజన్ అడుగున చేరే గ్యాస్‌ను మళ్లీ లోపలికి పంపి కాల్చేది) వల్ల రావచ్చు, డిప్‌స్టిక్ మీద పై గీత దాటేలా పోసిన ఆయిల్ వల్ల కూడా రావచ్చు. చివరి రెండూ అరగంట పని. బోరు అయితే మాత్రం ఇంజన్ మొత్తం విప్పే పని. ఈ తేడాను ఇంజన్ విప్పకుండానే తేల్చుకోవడానికి, సొంతంగా పని చేసుకునేవాళ్లు కొనగలిగే పరికరాలు ఆరు రకాలున్నాయి: వ్యాక్యూమ్ గేజ్, కంప్రెషన్ గేజ్, లీక్‌డౌన్ టెస్టర్, బోర్‌స్కోప్ కెమెరా, కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ పంపు, బ్లాక్ టెస్టర్. వీటి పక్కనే 'పొగ ఆపేస్తాం' అనే సీసాలూ అమ్ముతుంటారు. ఏ కంపెనీ సరుకు అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ప్రతి పరికరం దేన్ని పట్టగలదు, దేన్ని అస్సలు చూడలేదు, కొనేటప్పుడు ఎక్కడ మోసపోతాం అన్నదే అసలు విషయం.

ముందుగా ఒక హెచ్చరిక. అందరికంటే గొప్పగా చెప్పుకునే లీక్‌డౌన్ టెస్టర్, నీలం పొగకు అతి సాధారణ కారణాలైన రెండింటిని గుర్తించలేదు. అందులో అంకె బాగా వచ్చినంత మాత్రాన ఇంజన్ బాగున్నట్టు కాదు. ఎందుకో కింద చెబుతాం.

పరికరం ఏదైనా చేతిలోకి తీసుకునేముందు పొగ ఎప్పుడు వస్తోందో రాసుకోండి. రాత్రంతా ఆగిన బండికి పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఒక్కసారి గుప్పుమని నీలం పొగ వచ్చి కాసేపటికి ఆగిపోతే అనుమానం వాల్వ్ సీల్స్ మీదకు వెళ్లాలి. హెడ్‌లో మిగిలిన ఆయిల్ వాల్వ్ కాడ వెంబడి మెల్లగా సిలిండర్‌లోకి దిగి ఉంటుంది. దిగుడులో యాక్సిలరేటర్ వదిలేసి గేరులోనే దిగి, కింద మళ్లీ తొక్కినప్పుడు వెనక నీలం తెర లేచినా అదే అనుమానం. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) వ్యాక్యూమ్ బాగా పెరిగి, ఇన్‌టేక్ వాల్వ్ గైడ్ల (వాల్వ్ కాడ కదిలే గొట్టాల) గుండా ఆయిల్‌ను పీల్చుకుంటుంది. బరువు మీద, ఎక్కుడులో, గట్టిగా తొక్కుతున్నంతసేపూ పొగ వస్తూ, ఆయిల్ పోసే మూత తీస్తే లోపలినుంచి ఆవిరి ఉఫ్ ఉఫ్‌మని కొడుతుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల వైపు చూడాలి. టర్బో ఉన్న బండి చాలాసేపు ఐడిల్‌లో నిలబడ్డాక పొగ వదిలితే టర్బో సీల్, దాని ఆయిల్ వెనక్కి దిగే గొట్టం చూడాలి. ఆ గొట్టం కార్బన్‌తో సగం మూసుకుపోయినా సీల్ పోయినట్టే కనిపిస్తుంది. టర్బో మార్చేముందు గొట్టం విప్పి చూడడం తప్పనిసరి.

పీసీవీ వాల్వ్‌కు పరికరం అక్కర్లేదు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి, ఆ రంధ్రం మీద పల్చటి కాగితం పెట్టండి. కాగితాన్ని లోపలికి మెల్లగా లాక్కోవాలి. బయటికి నెట్టేస్తుంటే పీసీవీ దారి మూసుకుపోయిందని గానీ, రింగుల దగ్గర గ్యాస్ విపరీతంగా దిగుతోందని గానీ అర్థం. వాల్వ్, దాని గొట్టం శుభ్రం చేసి లేదా మార్చి మళ్లీ చూడాలి. అప్పటికీ నెడుతుంటే అప్పుడు గేజ్‌లు బయటికి తీయండి.

అన్నిటిలోకీ చవకైనది, అందరూ పట్టించుకోనిది వ్యాక్యూమ్ గేజ్. ప్లగ్గులు విప్పే పని లేదు. మానిఫోల్డ్‌కు నేరుగా ఉన్న వ్యాక్యూమ్ గొట్టంలో ఒక టీ కనెక్టర్ వేసి, ఇంజన్ బాగా వేడెక్కాక చూస్తే చాలు. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజన్ సముద్రమట్టం దగ్గర ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం దగ్గర ముల్లును కదలకుండా నిలబెడుతుంది. ఎత్తు ప్రదేశమైతే ప్రతి 300 మీటర్లకు దాదాపు ఒక అంగుళం తగ్గించి లెక్కపెట్టాలి. ముల్లు ఒక లయలో మాటిమాటికీ కిందికి కొట్టుకుంటుంటే ఏదో ఒక సిలిండర్‌లో వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. ఐడిల్‌లో ముల్లు గడగడా వణుకుతూ, రేజ్ చేస్తే నిలకడకు వస్తే వాల్వ్ గైడ్లు అరిగినట్టు. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కి వదిలితే ముల్లు దాదాపు సున్నాకు పడి, వెనక్కి 24, 25 దాకా ఎగరాలి. ఐడిల్‌లో ఒక మాదిరిగా ఉండి, వదిలినప్పుడు ఆ ఎగురు లేకపోతే రింగులు బలహీనపడ్డాయన్నమాట. కొనేటప్పుడు డయల్ పెద్దదిగా ఉన్నది చూసుకోండి. చిన్న డయల్‌లో వణుకు కనిపించదు, ఈ పరికరం విలువంతా ఆ వణుకులోనే ఉంది. ముల్లును నూనెలో ముంచి వణుకు అణిచేసే రకం గేజ్‌లు ఈ పనికి వద్దు.

కంప్రెషన్ గేజ్ దగ్గరికొస్తే, రబ్బరు కొనను ప్లగ్ రంధ్రానికి అదిమి పట్టుకునే రకాన్ని వదిలేయండి. చేయి కాస్త సడలినా అంకె పడిపోతుంది. మర తిప్పి బిగించే గొట్టమున్నదే కొనాలి. చాలా కార్లకు 14 మి.మీ. మర సరిపోతుంది. కొన్ని పాత ఇంజన్లకు 18, కొన్ని కొత్తవాటికి 12 లేదా 10 మి.మీ. కావాలి. మర పొడవూ చూసుకోవాలి: పొట్టి ప్లగ్ ఉండే హెడ్‌లో పొడవు అడాప్టర్ బిగిస్తే అది లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్‌కో వాల్వ్‌కో తగిలే ప్రమాదం ఉంది. అసలు ప్లగ్‌ను పక్కన పెట్టి కొలిచాకే బిగించండి.

ఈ గేజ్ అబద్ధం చెప్పడానికి పెద్ద కారణం గొట్టం కొసన ఉండే చిన్న వాల్వ్ కోర్. చూడ్డానికి టైరు వాల్వ్ లోపలిది లాగే ఉంటుంది కానీ దీని స్ప్రింగ్ చాలా మెత్తన. అది పాడైతే టైరుది పెట్టేసేవాళ్లు ఎక్కువ. స్ప్రింగ్ గట్టిది కాబట్టి అన్ని సిలిండర్లూ తక్కువే చూపిస్తాయి, బాగున్న ఇంజన్ కూడా అరిగిపోయినట్టు కనిపిస్తుంది. కొనేటప్పుడే విడిగా ఆ మెత్తని కోర్ ఒకటి అదనంగా దొరుకుతుందో లేదో అడగండి.

పరీక్ష పద్ధతి ఇది. ఇంజన్ వేడిగా ఉండాలి. అన్ని ప్లగ్గులూ తీసేయాలి. పెట్రోల్ పంపు ఫ్యూజ్, ఇగ్నిషన్ కాయిల్ కనెక్షన్ ఊడదీయాలి. బ్యాటరీ పూర్తి ఛార్జ్‌లో ఉండాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి ఉంచాలి. ఇది మరిచిపోతే సిలిండర్‌కు గాలి అందక అంకె పడిపోతుంది. ప్రతి సిలిండర్‌కూ ఒకే లెక్కన ఐదారు కంప్రెషన్ స్ట్రోకులు వచ్చేదాకా సెల్ఫ్ కొట్టాలి. చివరి అంకెతో పాటు మొదటి స్ట్రోకుకు ముల్లు ఎక్కడిదాకా ఎగిరిందో కూడా రాయండి. మొదట తక్కువగా లేచి, తర్వాత మెట్టుమెట్టుగా ఎక్కితే రింగుల లక్షణం. మొదటినుంచీ తక్కువే ఉండి పెద్దగా ఎక్కకపోతే వాల్వుల లక్షణం. మామూలు పాత పెట్రోల్ ఇంజన్‌లో 140 నుంచి 180 పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం) మధ్య కనిపిస్తుంది. మీ ఇంజన్‌కు మాన్యువల్‌లో ఉన్న అంకే ప్రమాణం. సిలిండర్ల మధ్య తేడాయే అన్నిటికంటే ముఖ్యం: అన్నిటికంటే తక్కువది, అన్నిటికంటే ఎక్కువదానిలో 75 శాతం కంటే దిగకూడదన్నది చాలాకాలంగా వర్క్‌షాపులు పాటిస్తున్న లెక్క.

ఒక సిలిండర్ తక్కువ వస్తే అందులో ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె బాగా పెరిగితే రింగులు, కదలకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్ (హెడ్‌కూ సిలిండర్ బ్లాక్‌కూ మధ్య ఉండే పొర). పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోయి ఆయిల్‌కు లొంగకపోతే ఆ రెంటి మధ్య గాస్కెట్ పోయిందని దాదాపు తేల్చేయొచ్చు. సిలిండర్లు పడుకుని ఉండే బాక్సర్ ఇంజన్లలో ఆయిల్ ఒక పక్కకే చేరుతుంది కాబట్టి ఈ పరీక్షను గట్టిగా నమ్మకండి. ఇంకో తిరకాసు: నీలం పొగ బాగా వదిలే సిలిండర్ ఒక్కోసారి మిగతావాటికంటే ఎక్కువ కంప్రెషన్ చూపిస్తుంది. లోపలికి దిగిన ఆయిలే రింగుల సందు మూసేస్తుంది, పైన పేరుకున్న కార్బన్ దహన గదిని చిన్నది చేస్తుంది. అంకె ఎక్కువ వచ్చిందని సంబరపడకుండా ఆ ప్లగ్‌కు పట్టిన నల్లటి తడిని చూడండి.

ఇక లీక్‌డౌన్ టెస్టర్. ఇది ఇంజన్‌ను తిప్పదు. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు పైకొసన నిలిపి, ప్లగ్ రంధ్రం గుండా కంప్రెసర్ గాలి పంపుతుంది. లోపల సన్నని రంధ్రం, దానికి రెండు పక్కలా రెండు గేజ్‌లు. పంపింది 100 పీఎస్ఐ, రెండోది 88 చూపిస్తే 12 శాతం కారుతోందని అర్థం. బాగున్న ఇంజన్‌లో 5 నుంచి 10 శాతం, బాగా తిరిగిన బండిలో 20 దాకా సహించవచ్చు, 30 దాటితే ఏదో ఒకటి పోయినట్టే. అంకె కంటే ముఖ్యమైనది చెవి. గాలి ఎయిర్ ఫిల్టర్ దగ్గర వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గాస్కెట్ లేదా హెడ్‌లో చీలిక. కంప్రెషన్ గేజ్ ఏదో పోయిందని చెబితే, ఇది ఏది పోయిందో చెబుతుంది. ఆ విషయంలో దీనికి సాటి లేదు.

అయితే ఇది కొలిచేది గాలి కారడాన్ని. పిస్టన్‌కు ఉండే మూడు రింగుల్లో గాలిని ఆపేవి పై రెండు. గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపే మూడో రింగు కార్బన్‌తో బిగుసుకుపోయినా గాలి ఎక్కడికీ పోదు. అంకె 8 శాతం వస్తుంది, బండి వెనక మాత్రం నీలం పొగే. వాల్వ్ సీల్స్ కథా అంతే. వాల్వ్ తన సీటు మీద చక్కగా కూర్చున్నప్పుడు పైన సీల్ ఉన్నా లేకపోయినా గాలికి తేడా తెలియదు. కాబట్టి లీక్‌డౌన్ బాగా వచ్చి, పొగ మాత్రం ఆగని ఇంజన్‌లో మిగిలేవి ఆయిల్ రింగు, వాల్వ్ సీల్స్, పీసీవీ, టర్బో. అలా చూస్తే మంచి అంకె కూడా ఒక సమాచారమే: బోరింగు పనికి తొందరపడొద్దని చెబుతోంది.

చవక రకాల్లో పెద్ద లోపం వాటి రెగ్యులేటర్. 100 పీఎస్ఐ కంప్రెసర్‌కు తగిలించినా, కొన్ని సిలిండర్‌లోకి పంపేది 15 పీఎస్ఐ దగ్గరే. డయల్ మీద శాతాలు, ఆకుపచ్చ, ఎరుపు రంగులు మాత్రం ఉంటాయి. అంత తక్కువ ఒత్తిడిలో రింగులు గోడకు సరిగా ఆనవు, సన్నని చీలికలు తెరుచుకోవు, చెవికి శబ్దం కూడా అందదు. రెండు గేజ్‌లూ పూర్తిగా 100 పీఎస్ఐ దాకా అంకెలతో ఉన్న రకమే తీసుకోండి. లోపలి రంధ్రం సైజు కంపెనీ కంపెనీకీ మారుతుంది కాబట్టి ఒకరి పరికరంలో వచ్చిన శాతాన్ని మరొకరి దానితో పోల్చకూడదు. కొన్న రోజే ఒక పరీక్ష చేయండి: గొట్టం కొస పూర్తిగా మూస్తే రెండు గేజ్‌లూ ఒకే అంకె చూపాలి. కొస వదిలేస్తే రెండోది సున్నా దగ్గరికి పడాలి. తేడా ఉంటే జాయింట్లకు సబ్బు నీళ్లు రాసి బుడగలు చూడండి. ఈ గొట్టంలో వాల్వ్ కోర్ ఉండకూడదు. కంప్రెషన్ గేజ్ గొట్టాన్నే దీనికి వాడుకునేవాళ్లు కోర్ తీసేయడం మరిచిపోతే సున్నా శాతం లీకేజీ అనే అద్భుతం కనిపిస్తుంది.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. పిస్టన్ సరిగ్గా పైకొసన లేకపోతే 100 పీఎస్ఐ గాలి ఇంజన్‌ను ఒక్క ఊపున తిప్పేస్తుంది. క్రాంక్ బోల్ట్ మీద పాన వదిలేసి గాలి ఇస్తే అది గిర్రున తిరిగి చేయి విరుగుతుంది. పాన తీసేయండి, మాన్యువల్ గేరు బండి అయితే పై గేరులో వేసి హ్యాండ్‌బ్రేక్ లాగండి, గాలిని సున్నా నుంచి మెల్లగా పెంచండి. ఫ్యాన్ దగ్గర చేతులు పెట్టకండి.

లీక్‌డౌన్ చూడలేనిది చూసేది బోర్‌స్కోప్. ఫోన్‌కు తగిలించే చవక కెమెరాలు ముందుకు మాత్రమే చూస్తాయి. పిస్టన్ తల కనిపిస్తుంది, పైన వాల్వులు కనిపించవు. పొగ పనికి కొస వంగే రకం గానీ, పక్కకు చూసే రెండో కెమెరా ఉన్నది గానీ కావాలి. వ్యాసం 6 మి.మీ. లోపు ఉంటే మంచిది. వేడి ఇంజన్‌లో దూరిస్తే కెమెరా పోతుంది, చల్లారాకే వాడండి. లోపల ఏం చూడాలంటే: పిస్టన్ తలంతా నల్లగా ఉండి అంచు చుట్టూ మాత్రం కడిగినట్టు తేటగా ఉంటే రింగుల పక్కనుంచి ఆయిల్ వస్తోంది. ఇన్‌టేక్ వాల్వ్ వెనక మందంగా, తడిగా కార్బన్ గడ్డలు వేలాడుతుంటే వాల్వ్ సీల్ లేదా గైడ్. మిగతా పిస్టన్లన్నీ నల్లగా ఉండి ఒక్కటే తోమిన గిన్నెలా మెరుస్తుంటే అందులోకి కూలెంట్ వెళ్తోంది, ఆవిరే దాన్ని శుభ్రం చేసింది. సిలిండర్ గోడ మీద నిలువు గీతలు కనిపిస్తే ఇక సీసాల మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

తెల్ల పొగ సంగతి వేరు. చలిలో స్టార్ట్ చేసినప్పుడు వచ్చి, బండి వేడెక్కాక పోయేది నీటి ఆవిరే, దానికి వైద్యం అక్కర్లేదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కినా ఆగక, తియ్యటి వాసనతో గాలిలో వేలాడేది కూలెంట్. దీనికి బ్లాక్ టెస్టర్‌నే అందరూ కొంటారు. నీలం రంగు ద్రవమున్న గొట్టాన్ని రేడియేటర్ మూతి మీద పెట్టి, రబ్బరు బల్బుతో పైనున్న గాలిని ద్రవం గుండా లాగుతారు. దహన వాయువులోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం పసుపవుతుంది. ద్రవం పాతదైతే పని చేయదు. సీసా తెరిచాక కాస్త తీసుకుని దాని గుండా నోటితో ఊదిన గాలి పంపి చూడండి, రంగు మారాలి. మారకపోతే పారేయండి. మూత చల్లటి ఇంజన్ మీదే తీయాలి. కూలెంట్‌ను మూతి నుంచి కొన్ని సెంటీమీటర్లు దించి, ఆ తర్వాత స్టార్ట్ చేసి వేడెక్కనివ్వాలి, లేకపోతే ఉబ్బి గొట్టంలోకి వస్తుంది. ఒక్క చుక్క కూలెంట్ కలిసినా ఆ ద్రవం, ఆ ఫలితం రెండూ పనికిరావు.

దీనికీ ఒక గుడ్డి మూల ఉంది. కొన్ని గాస్కెట్లు దహన వాయువును కూలెంట్‌లోకి పంపవు, ఇంజన్ ఆపాక కూలెంట్‌నే సిలిండర్‌లోకి వదులుతాయి. అలాంటప్పుడు బ్లాక్ టెస్టర్ నీలంగానే ఉంటుంది. అందుకే రెండిట్లో ఒకటే కొనగలిగితే మా ఓటు చేతి ప్రెషర్ పంపుకే. రేడియేటర్ మూత మీద రాసి ఉన్న ఒత్తిడికి మించకుండా, చాలా కార్లకు 0.9 నుంచి 1.1 బార్, పంపు కొట్టి గంటలపాటు, వీలైతే రాత్రంతా వదిలేయండి. ముల్లు దిగి, బయట ఎక్కడా తడి లేకపోతే అన్ని ప్లగ్గులూ తీసి, రంధ్రాలకు ముఖం దూరంగా పెట్టి సెల్ఫ్ కొట్టండి. కూలెంట్ చిమ్మిన రంధ్రమే దొంగ సిలిండర్. ప్లగ్గులు తీయకుండా సెల్ఫ్ కొడితే లోపల నిండిన నీళ్లు నలగక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పంపు కొనేటప్పుడు మీ కారు మూతి సైజుకు అడాప్టర్ ఉందో లేదో ముందే చూసుకోండి, చాలా సెట్లలో పనికొచ్చేది ఒక్కటే ఉంటుంది.

కూలెంట్ తగ్గకుండా తెల్ల పొగ వస్తుంటే బ్రేక్ ఆయిల్ చూడండి. మాస్టర్ సిలిండర్ వెనక సీల్ కారితే బ్రేక్ బూస్టర్‌లోకి దిగిన ఆయిల్‌ను మానిఫోల్డ్ వ్యాక్యూమ్ పీల్చేసుకుంటుంది. పాత ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వ్యాక్యూమ్ మాడ్యులేటర్ పొర చిరిగినా గేర్ ఆయిల్ ఇదే దారిలో వచ్చి కాలుతుంది. దాని వ్యాక్యూమ్ గొట్టం ఊడదీసి చూస్తే, లోపల తడి ఉంటే విషయం తేలిపోయినట్టే.

నల్ల పొగకు ఈ పరికరాలేవీ అక్కర్లేదు. పెట్రోల్ బండిలో అది ఎక్కువైన పెట్రోల్: ఎయిర్ ఫిల్టర్, ఇరుక్కున్న చోక్, కార్బ్యురేటర్ ఫ్లోట్ సూది. ఇంజెక్షన్ బండిలో ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ వ్యాక్యూమ్ గొట్టం లాగి చూడండి, అందులో పెట్రోల్ ఉంటే లోపలి పొర చిరిగింది. డీజిల్‌లో గాలి తక్కువవడం లేదా ఇంధనం ఎక్కువవడం: ఊడిన ఇంటర్‌కూలర్ గొట్టం, తెరుచుకుని ఇరుక్కున్న ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వ్), కారే ఇంజెక్టర్. డీజిల్ బండికి పెట్రోల్ కంప్రెషన్ గేజ్ తగిలించకండి. 300 పీఎస్ఐ గేజ్ పగిలిపోతుంది. 1000 పీఎస్ఐ దాకా కొలిచేది విడిగా కొనాలి. ఆయిల్ పోసి చేసే తడి పరీక్ష కూడా డీజిల్‌లో చేయకూడదు, ఆ ఒత్తిడికి ఆయిలే అంటుకోవచ్చు.

చివరగా సీసాలు. పొగ ఆపే మందుల్లో చాలావరకు ఆయిల్‌ను చిక్కబరిచే పాలిమర్లే. పొగ కొన్నాళ్లు తగ్గుతుంది, అరుగుదల అలాగే ఉంటుంది, చలిలో స్టార్ట్ చేసినప్పుడు ఆ చిక్కటి ఆయిల్ పైకి చేరడం ఆలస్యమవుతుంది. రబ్బరును కాస్త ఉబ్బించే సీల్ కండిషనర్ మాత్రం గట్టిపడిన వాల్వ్ సీల్స్‌కు కొంత ఉపయోగం. చిరిగిన సీల్‌కు ఉపయోగం లేదు. బిగుసుకున్న ఆయిల్ రింగుకు, ప్లగ్ రంధ్రాల గుండా కార్బన్ కరిగించే ద్రావకం పోసి రాత్రంతా నానబెట్టే పద్ధతి ప్రయత్నించదగ్గదే. మిగిలినదాన్ని సిరంజితో లాగేసి, ప్లగ్గులు లేకుండానే ముందు సెల్ఫ్ కొట్టి, వెంటనే ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. కింద ఆయిల్‌లో ద్రావకం కలిసి ఉంటుంది కాబట్టి ఇది మానేయడానికి లేదు. హెడ్ గాస్కెట్ అతికించే సోడియం సిలికేట్ ద్రవాలను మేం సిఫారసు చేయం. లీకు ఆగినా ఆగకపోయినా హీటర్ సన్నని గొట్టాల్లో పేరుకునే ప్రమాదం ఉంది. అయినా పోయాలనుకుంటే ప్రెషర్ పంపు, బ్లాక్ టెస్టర్ పరీక్షలు రెండూ అంతకుముందే పూర్తి చేసుకోండి. పోశాక వచ్చే అంకె గాస్కెట్‌దో, దాని మీద తాత్కాలికంగా గడ్డకట్టిన మందుదో ఎవరూ చెప్పలేరు.